మొదటి టికెట్ దాకా

డిగ్రీ అయ్యాక ఒక చిన్న ఆఫీసులో ఏడాదిన్నర డేటా ఎంట్రీ చేశాను. పేరుకి డేటా ఎంట్రీయే కానీ, ప్రింటర్ మొరాయించినా, ఎవరి కంప్యూటర్‌లోనైనా ఎక్సెల్ తెరుచుకోకపోయినా, కొత్తగా చేరినవాళ్లకి మెయిల్ పెట్టివ్వాలన్నా నన్నే పిలిచేవాళ్లు. ఆ పనుల్లో ఉంటే నాకు టైమ్ తెలిసేది కాదు. అసలు ఉద్యోగం మాత్రం గడియారం చూసుకుంటూ చేసేదాన్ని. ఐటీ సపోర్ట్‌లోకి వెళ్లాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. నేను చదివింది కంప్యూటర్స్ కాదు. ఐటీలో పనిచేసినట్టు ఒక్క కాగితం కూడా లేదు. ఉన్న ఉద్యోగం చేసుకుంటూనే వెతకడం మొదలుపెట్టాను. దొరకడానికి 11 నెలలు పట్టింది.

అందులో మొదటి నాలుగు నెలలు నాకేమీ కలిసిరాలేదు. రోజూ రాత్రి కూర్చుని కనిపించిన ప్రతి ఉద్యోగానికీ అదే రెజ్యూమె పంపేదాన్ని. మొత్తం 70 దాటాయి. ఫోన్ వచ్చింది మూడింటికే. ప్రకటనల్లో చాలావాటికి కింద ‘ఫ్రెషర్స్’ అని ఉండేది, పైన ‘కనీసం రెండేళ్ల అనుభవం’ అని ఉండేది. ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది అని ఒక రాత్రి అమ్మ దగ్గర ఏడ్చాను కూడా. ఇప్పుడు వెతుకుతున్న వాళ్లలో ఎంతమంది అదే స్థితిలో ఉన్నారో తలుచుకుంటే బాధగా ఉంటుంది, అందుకే దాచుకోకుండా రాస్తున్నాను.

ఆ మూడు ఫోన్లలో ఒకటి ఇంటర్వ్యూ దాకా వెళ్లింది. అడిగిన మొదటి ప్రశ్న: “ఒకరు ఫోన్ చేసి ఇంటర్నెట్ రావట్లేదన్నారు. మీరేం చేస్తారు?” నేను వెంటనే, “రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటానండీ” అన్నాను. “చేశారు. అయినా రాలేదు.” “కంప్యూటర్ రీస్టార్ట్ చేయమంటాను.” “అదీ చేశారు.” ఆ తర్వాత నా దగ్గర మాటల్లేవు. ఆయన మర్యాదగానే మాట్లాడి పంపించేశారు. బయటికొచ్చాక కూడా నా తప్పేమిటో నాకు అర్థం కాలేదు. ఆ ప్రశ్నకి సరైన జవాబు ఒకటుంటుందని, అది నాకు తెలియలేదని మాత్రమే అనుకున్నాను.

నా స్నేహితురాలి అన్నయ్య చాలా ఏళ్లుగా సర్వర్ల పని చేస్తున్నారు. ఆవిడే నన్ను తీసుకెళ్లి ఆయన ముందు కూర్చోబెట్టింది. ఆయన రెజ్యూమె చదివి, నైపుణ్యాల వరుస దగ్గర ఆగారు. విండోస్, లినక్స్, నెట్‌వర్కింగ్, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ, పైథాన్ అని అందరూ రాసినట్టే నేనూ రాశాను.

“లినక్స్ అన్నావు కదమ్మా. డిస్క్ నిండిపోయిందో లేదో ఎలా చూస్తావు?”

నాకు తెలియదు. ఒక వీడియో చూసి ఆ పేరు రాసుకున్నానంతే.

“సరే, ఇది తీసెయ్. మీ ఆఫీసులో నువ్వు చేతులారా బాగుచేసినవి చెప్పు.”

అప్పుడు ప్రింటర్ సంగతి చెప్పాను. ఆఫీసులో 12 మందికీ ఒకటే ప్రింటర్. వారానికి రెండు మూడు సార్లు ఎవరికీ ప్రింట్ వచ్చేది కాదు. అందరూ డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లు, కాసేపు పనిచేసేది, మళ్లీ పోయేది. ఒకరోజు ప్రింటర్ మీదున్న చిన్న స్క్రీన్‌లో దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబర్) చూశాను. కంప్యూటర్‌లో సెట్ చేసి ఉన్నది వేరే అడ్రస్. రౌటర్ ఏ పరికరానికైనా అడ్రస్‌ని కొంత గడువుకే ఇస్తుంది. ప్రింటర్‌ని రాత్రి ఆపి పొద్దున ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి కొత్త అడ్రస్ వస్తోంది, కంప్యూటర్లు మాత్రం పాత అడ్రస్‌కే పంపుతున్నాయి. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే అడ్రస్ ఇచ్చేలా కేటాయించాను. ఆ తర్వాత ఆ సమస్య మళ్లీ రాలేదు.

అన్నయ్య కుర్చీలో ముందుకు వంగారు. “ఇది రెజ్యూమెలో ఎందుకు లేదు?”

“అది నా ఉద్యోగం కాదు కదన్నయ్యా. ఊరికే చేసిపెట్టాను.”

“జీతం దేనికిచ్చారో నాకనవసరం. పని చేసింది నువ్వే కదా?”

ఆ రాత్రి నైపుణ్యాల వరుసని మొత్తం కొట్టేశాను. దాని స్థానంలో నేను నిజంగా చేసిన ఐదు పనులు రాశాను. ఒక్కోదానికి రెండు వాక్యాలు: సమస్య ఏమిటి, కారణం ఏమిటని తేలింది, ఏం చేశాను, ఎంతమందికి ఉపయోగపడింది. ఉద్యోగం పేరు మాత్రం మార్చలేదు, డేటా ఎంట్రీ అనే ఉంచాను. రెజ్యూమె రెండు పేజీల నుంచి ఒక పేజీకి తగ్గింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. మూడేళ్ల అనుభవం చూపిస్తారట, లెటర్, జీతం స్లిప్పులు అన్నీ వాళ్లే ఇస్తారట, ఇంటర్వ్యూలో జవాబులు అందించడానికి మనిషిని కూడా పెడతారట. నాలుగు నెలలు తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లకి ఆ మాటలు ఎంత తియ్యగా ఉంటాయో నాకు తెలుసు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి వద్దన్నాను. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతానన్న భయం ఒకటి. అంతకంటే పెద్ద భయం, దొరక్కపోతే ఏమవుతుందన్నది. మూడేళ్లు చేసిన మనిషని నమ్మి, నడుస్తున్న సర్వర్‌ని నా చేతిలో పెడితే నేనేం చేస్తాను? దాని మీద ఆధారపడి పనిచేసుకునేవాళ్ల గతేమిటి? ఆఫర్ లెటర్ కోసం ముందు డబ్బు కట్టమన్నవాళ్లు కూడా ఇంకొకరు తగిలారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర డబ్బు అడగరు. అడిగారంటే అక్కడ ఉద్యోగం లేదని అర్థం. ఆ ఫోన్ అక్కడికక్కడే పెట్టేశాను.

అన్నయ్య చెప్పిన రెండో మాట, ఇంట్లోనే ఒక చిన్న ఆఫీసు కట్టుకోమని. నా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. దానిలో వర్చువల్‌బాక్స్ పెట్టాను, అది ఉచితం. ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు కంప్యూటర్లున్నట్టు నడుపుకోవచ్చు. విండోస్ సర్వర్‌ని నేర్చుకోవడానికి మైక్రోసాఫ్ట్ 180 రోజుల ట్రయల్ ఇస్తుంది. ఒక మెషీన్‌లో సర్వర్, ఇంకోదానిలో మామూలు విండోస్. సర్వర్‌ని డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్‌లనీ సరిచూసే మెషీన్) చేసి, రెండోదాన్ని ఆ డొమైన్‌లో, అంటే అది చూసుకునే కంప్యూటర్ల గుంపులో, చేర్చాలి. చాలా ఆఫీసుల్లో ఉద్యోగులు ఏ కంప్యూటర్ దగ్గర కూర్చున్నా ఒకే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేది ఈ పద్ధతిలోనే. వీడియోలో ఇదంతా 15 నిమిషాల పని. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. నేను నేర్చుకున్నది ఆ మూడు సాయంత్రాల్లోనే.

మొదటి సాయంత్రం, ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పింగ్ (ఉన్నావా అని పలకరించి చూడటం) కూడా వెళ్లలేదు. బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ వల్లేననుకుని గంటసేపు దానితోనే కుస్తీ పట్టాను. తర్వాత రెండు విండోలు పక్కపక్కన పెట్టి, అడ్రస్ చూపే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి చూస్తే, రెండింటికీ ఒకే అడ్రస్: 10.0.2.15. రెండు ఇళ్లకి ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు! వర్చువల్‌బాక్స్ మామూలుగా ప్రతి మెషీన్‌ని విడివిడి గదిలో పెడుతుంది, బయటి ఇంటర్నెట్ కనిపిస్తుంది కానీ పక్క మెషీన్ కనిపించదు. రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లోకి మార్చాక అడ్రస్‌లు వేరయ్యాయి, పింగ్ వెళ్లింది.

రెండో సాయంత్రం, డొమైన్‌లో చేర్చబోతే డొమైన్ కంట్రోలర్‌ని చేరుకోలేకపోతున్నామని ఎర్రర్. నాకు అస్సలు అర్థం కాలేదు. ఇప్పుడే కదా పింగ్ వెళ్లింది, ఎదురుగానే ఉంది కదా సర్వర్! పేరు తప్పు కొట్టానేమోనని పదిసార్లు చూశాను. సర్వర్‌ని తీసేసి మొదటి నుంచీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అదే ఎర్రర్. ఆ రాత్రి విసిగిపోయి ల్యాప్‌టాప్ మూసేశాను.

మూడో సాయంత్రం కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయకూడదని నియమం పెట్టుకున్నాను. చూడటమే. అడ్రస్‌తో పింగ్ చేస్తే వెళ్తోంది. డొమైన్ పేరుతో చేస్తే వెళ్లడం లేదు. అంటే దారి ఉంది, పేరు చెబితే దారి చూపేవాళ్లు లేరు. పేరుకి అడ్రస్ ఎవరు చెబుతున్నారో చూపే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ కొడితే, జవాబు చెబుతున్నది నా సర్వర్ కాదు, ఇంటర్నెట్ వైపున్న వేరే డీఎన్‌ఎస్ (పేర్లకి అడ్రస్‌లు చెప్పే సర్వర్). నేను నిన్న పెట్టుకున్న డొమైన్ పేరు దానికేం తెలుస్తుంది? డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో విండోస్ వెతుక్కునేది డీఎన్‌ఎస్‌లోనే. క్లయింట్‌లో, అంటే రెండో మెషీన్‌లో, డీఎన్‌ఎస్ అడ్రస్ దగ్గర నా సర్వర్ అడ్రస్ పెట్టి, మళ్లీ ప్రయత్నించాను. డొమైన్‌లోకి స్వాగతం అంటూ ఒక చిన్న బాక్స్ వచ్చింది. రాత్రి పదకొండున్నరకి ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను.

అప్పటి నుంచి ఒక పద్ధతి అలవాటైంది. ఏది చెడినా నోట్స్‌లో నాలుగు వాక్యాలు: ఏం కనిపించింది, నేనేమనుకున్నాను, ఏం చూశాను, చివరికి ఏం తేలింది. రెండో వాక్యం చాలా ముఖ్యమని నా నమ్మకం. నేను తప్పుగా ఊహించింది కూడా దాచుకోకుండా రాసేదాన్ని, ఎందుకంటే మళ్లీ అదే తప్పు ఊహ వచ్చినప్పుడు అక్కడ ఆగడం తెలుస్తుంది. మూడు నెలల్లో 31 నోట్స్ అయ్యాయి. లినక్స్ మెషీన్ కూడా ఒకటి పెట్టి, కావాలనే డిస్క్ నింపి, డీఎఫ్ కమాండ్‌తో చూసి, జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఫైళ్లు ఎక్కడ పేరుకుంటాయో వెతికి నోట్స్ రాశాను. అన్నయ్య అడిగిన ప్రశ్న నా మనసులో అలాగే ఉండిపోయింది మరి. నోట్స్ అన్నీ ఒకచోట పెట్టి ఆ లింకు రెజ్యూమెలో ఇచ్చాను. లినక్స్ అన్న మాట అప్పుడు తిరిగి రెజ్యూమెలోకి వచ్చింది.

సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి, అందరూ అడిగేది అదే కాబట్టి. కాంప్‌టియా అనే సంస్థ ఇచ్చే ఏ ప్లస్ చేశాను. రెండు పరీక్షలు, ఒక్కోటి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 900కి లెక్కేస్తే మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. చదివింది వృథా కాలేదు, హార్డ్‌వేర్‌లో నాకున్న ఖాళీలు నిండాయి. అది పెట్టాక ఫోన్లు కొంచెం పెరిగిన మాట నిజం. కానీ ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ దాని గురించి రెండో ప్రశ్న అడగలేదు. డబ్బు, సమయం రెండింటిలో ఒకటే ఉంటే, ముందు ఇంట్లో మెషీన్లు పెట్టుకోమనే చెబుతాను.

ఇంకో పొరపాటు ఆలస్యంగా తెలిసింది. నేను ఎప్పుడూ ఐటీ జాబ్, సిస్టమ్ అడ్మిన్ అని మాత్రమే వెతికేదాన్ని. మొదటి మెట్టు ఉద్యోగాలకి పేర్లు వేరు: సర్వీస్ డెస్క్, హెల్ప్ డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్, ఎల్ వన్ సపోర్ట్. ఫోన్ ఎత్తి, టికెట్ రాసి (ఒక్కో సమస్యకి పెట్టే నమోదునే టికెట్ అంటారు), చేతనైంది అక్కడే సరిచేసి, కానిది పై స్థాయిలోని ఎల్ టూ వాళ్లకి పంపడం ఎల్ వన్ పని. ఈ పేర్లతో వెతికితే వేరే లోకం కనిపించింది. కనిపించినదానికల్లా పంపడం మానేసి, ఏరుకున్నవాటికి మాత్రమే, ప్రకటన పూర్తిగా చదివి, వాళ్లడిగిన పనికి దగ్గరగా ఉన్న నా నోట్స్‌ని ముందుకి తెచ్చి పంపాను. రెండేళ్ల అనుభవం అడిగిన చోట కూడా, పని నాకు చేతనైనదైతే పంపాను. చివరికి ఉద్యోగం వచ్చింది అలాంటి చోటే.

ఆ ఇంటర్వ్యూ ఇద్దరు చేశారు. మొదటి ప్రశ్న వినగానే నా గుండె ఆగినంత పనైంది. “ఒకరు ఫోన్ చేసి ఇంటర్నెట్ రావట్లేదన్నారు. ఏం చేస్తారు?”

ఈసారి జవాబు చెప్పలేదు. ప్రశ్న అడిగాను. “వాళ్లొక్కరికేనా అండీ, పక్కవాళ్లకి కూడా రావట్లేదా?”

“వాళ్లొక్కరికే.”

“నిన్న వచ్చిందా? ఈలోగా సీటు మారడం, కేబుల్ తీసి పెట్టడం లాంటివేమైనా జరిగాయా?”

“సీటు మారారు.”

“అయితే ఐపీకాన్ఫిగ్ కొట్టించి అడ్రస్ చదవమంటాను. అది 169.254తో మొదలైతే, అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ దొరక్క కంప్యూటర్ తనకి తానే అడ్రస్ పెట్టుకుందని అర్థం. అప్పుడు కేబుల్, గోడలోని పోర్ట్, దాని వెనక స్విచ్ చూడాలి. అడ్రస్ బాగానే ఉంటే గేట్‌వేకి, అంటే బయటికి దారిచ్చే రౌటర్‌కి పింగ్, తర్వాత బయట 8.8.8.8కి పింగ్. అవి రెండూ వెళ్లి, పేరుతో మాత్రం వెళ్లకపోతే డీఎన్‌ఎస్ చూస్తాను.”

ఇద్దరిలో పెద్దావిడ పెన్ను పక్కన పెట్టి నా నోట్స్ తెరిచారు. డొమైన్ నోట్ చదివి, సర్వర్‌ని మళ్లీ ఎందుకు ఇన్‌స్టాల్ చేశారని అడిగారు. కారణం తెలుసుకోకుండా మొదలుపెట్టేశానండీ, అది అక్కర్లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తల ఊపారు.

తర్వాతి ప్రశ్న నాకు తెలియనిది. “ఒకామె పాస్‌వర్డ్ మార్చుకుంది. అప్పటి నుంచి గంటకోసారి అకౌంట్ లాక్ అవుతోంది. అన్‌లాక్ చేస్తే మళ్లీ లాక్. తను తప్పుగా కొట్టడం లేదంటోంది.”

“ఇది నేనెప్పుడూ చూడలేదండీ” అన్నాను. గొంతు కొంచెం వణికింది. “కానీ ఆమె కొట్టకపోతే ఇంకేదో కొడుతూ ఉండాలి. పాత పాస్‌వర్డ్ ఎక్కడో సేవ్ అయి ఉండి, అది పదే పదే ప్రయత్నిస్తోందేమో. ఫోన్‌లో మెయిల్, ఇంకో కంప్యూటర్ లాంటివి అడుగుతాను. ఏ మెషీన్ నుంచి వస్తోందో సర్వర్ లాగ్‌లో ఉంటుందనుకుంటున్నాను, ఎక్కడుంటుందో మాత్రం నాకు తెలియదు.”

ఇంటికొచ్చి బ్యాగు కూడా తీయకుండా ల్యాప్‌టాప్ తెరిచాను. నా డొమైన్‌లో, ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే లాక్ అయ్యేలా పాలసీ పెట్టాను. క్లయింట్‌లో కావాలని తప్పు కొట్టి లాక్ చేసి, సర్వర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి ఆ నిమిషం దగ్గర వెతికాను. దొరికింది: ఈవెంట్ 4740. ఏ అకౌంట్ లాక్ అయింది, ఏ కంప్యూటర్ వల్ల అయింది, రెండు పేర్లూ అందులోనే ఉన్నాయి. నోట్ నంబర్ 32 రాసి, ఇంటర్వ్యూకి పిలిచినందుకు కృతజ్ఞతలు చెబుతూ పంపిన మెయిల్‌లో దాని లింకు పెట్టి, మీరడిగినది ఇంట్లో చేసి చూశాను అని ఒక్క వాక్యం రాశాను.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. ఆ తొమ్మిది రోజులు ఆఫీసులో ఫోన్ మోగిన ప్రతిసారీ టెన్షన్. పదో రోజు మధ్యాహ్నం పెద్దావిడే స్వయంగా ఫోన్ చేసి, వచ్చే నెల ఒకటి నుంచి రాగలరా అని అడిగారు. మెట్ల మీదే కూలబడిపోయాను. నాన్నకి ఫోన్ చేస్తే ఆయన ముందు ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి “మళ్లీ చెప్పమ్మా” అన్నారు.

చేరాక మొదటి రెండు వారాలు పాస్‌వర్డ్ రీసెట్లు, కొత్త ల్యాప్‌టాప్‌లు సిద్ధం చేయడం, పక్కవాళ్ల ఫోన్లు వినడం. మూడో వారంలో నా పేరు మీద పడ్డ టికెట్లలో ఒకటి తెరిస్తే, అకౌంట్ పదే పదే లాక్ అవుతోందని ఉంది. ముందే రెండుసార్లు వేరేవాళ్లు అన్‌లాక్ చేసి మూసేసిన టికెట్. 4740 దగ్గరికి వెళ్లాను. కంప్యూటర్ పేరు దగ్గర కనిపించింది ఆమె కంప్యూటర్ కాదు, మెయిల్ సర్వర్. అంటే పాత పాస్‌వర్డ్ మెయిల్ తెరిచే ఏదో పరికరం నుంచి వస్తోందన్నమాట. ఫోన్ చేశాను.

“అమ్మా, మీ మొబైల్‌లో ఆఫీసు మెయిల్ ఉందా?”

“ఉందండీ, కానీ కొత్త పాస్‌వర్డ్ అప్పుడే పెట్టేశాను. బాగానే వస్తోంది.”

“ఇంతకుముందు వాడిన ఫోన్ ఏమైనా?”

అటువైపు కాసేపు నిశ్శబ్దం. సొరుగు లాగిన చప్పుడు వినిపించింది.

“అయ్యో, ఇది ఆన్‌లోనే ఉందండీ. పాటల కోసమని ఛార్జింగ్ పెట్టుకుంటూ ఉంటాను.”

అందులోంచి మెయిల్ తీయించి, సాయంత్రం దాకా ఆగి మళ్లీ చూశాను. లాక్ కాలేదు. టికెట్‌లో ఎప్పటిలాగే నాలుగు వాక్యాలు రాసి మూసేశాను.